ఏడో రోజు ఉదయం: గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న ఒక రోగి కేస్ స్టడీ

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఐసీయూ వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్న కేసు రోగి, ఆయన భార్య ఇచ్చిన అనుమతితో రాస్తున్నది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన వివరాలు మార్చలేదు. మా యువ డాక్టర్లు, సిస్టర్లు చదవాలని రాస్తున్నాను. ఇలాంటి రోగి ఉన్న కుటుంబం చదివినా అర్థం కావాలని, వీలైనంత తేట మాటల్లో రాయడానికి ప్రయత్నించాను.

రోగి వయసు 47. టిఫిన్ హోటల్ నడుపుతాడు. ఆరేళ్లుగా సిగరెట్టు మానేశాడు. షుగరు ఉన్న సంగతి ఆయనకే తెలియదు. మే నెలలో ఒక రోజు ఉదయం 6.20కి పొయ్యి దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే కుప్పకూలాడు. పక్కింటి కుర్రవాడు డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీలో ఒకసారి సీపీఆర్ నేర్పించారట. వచ్చి చూశాడు, పలకడం లేదు, ఊపిరి లేదు. వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తున్నప్పుడు కూడా మోకాళ్ల మీద కూర్చుని నొక్కుతూనే ఉన్నాడు. 6.33కి దగ్గరలోని చిన్న నర్సింగ్ హోముకు చేరారు. మానిటర్ పెడితే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. అంటే గుండె కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. నాలుగు షాకులు, రెండు ఎడ్రినలిన్ ఇంజెక్షన్లు, గుండె లయను సరిచేసే అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు. 6.45కి నాడి దొరికింది. మొత్తం 25 నిమిషాలు.

ఈ కేసులో ప్రాణం నిలబెట్టింది ఎవరని అడిగితే మొదట చెప్పాల్సింది ఆ కుర్రవాడి సంగతి, తర్వాత ఆ నర్సింగ్ హోము సిబ్బంది సంగతి. మా వంతు ఆ తర్వాతే మొదలైంది.

మా దగ్గరికి వచ్చేసరికి

7.50కి అంబులెన్సు వచ్చింది. గొంతులో ట్యూబు ఉంది, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతున్నారు, 100 శాతం ఆక్సిజన్ నడుస్తోంది. వేలికి పెట్టిన క్లిప్పులో 100 చూపిస్తోంది. సగటు రక్తపోటు 54. మాట లేదు, నొప్పి కలిగించినా కదలిక లేదు, కళ్లు తెరవడం లేదు. కంటిపాపలు రెండూ 4 మిల్లీమీటర్లు, వెలుగుకు మెల్లగా స్పందిస్తున్నాయి. ఈసీజీలో గుండె ముందు భాగంలో పెద్ద గుండెపోటు కనిపిస్తోంది. నాడి వచ్చిన వెంటనే తీసిన ఈసీజీ తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి మళ్లీ తీశాం. అదే కనిపించింది.

రక్త పరీక్షలో పీహెచ్ 7.18, లాక్టేట్ 10.2, షుగరు 318, పొటాషియం 3.2. ఆక్సిజన్ పీడనం 412. కార్బన్ డయాక్సైడ్ 27.

మొదటి నాలుగు అంకెలూ అందరి కళ్లలో పడతాయి. నేను చివరి రెండు అంకెల దగ్గర ఆగుతాను. దారి పొడుగునా బ్యాగ్ నొక్కిన మనిషి కంగారులో నిమిషానికి ముప్పై సార్లు నొక్కి ఉంటాడు. ఆ పరిస్థితిలో ఎవరికైనా చేతులు ఆగవు. కానీ అలా కార్బన్ డయాక్సైడ్ పడిపోతే మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. పాతిక నిమిషాలు రక్తానికి అలమటించిన మెదడుకు వచ్చే రక్తాన్ని మనమే మళ్లీ తగ్గించినట్టవుతుంది. అవసరానికి మించిన ఆక్సిజన్ కూడా అప్పటికే దెబ్బతిన్న కణాలకు మంచిది కాదు. వేలి రీడింగు నమ్మకంగా రానంతసేపూ 100 శాతం ఇవ్వడమే సరైన పని. రీడింగు నిలకడగా వచ్చాక మాత్రం తగ్గించాలి. వెంటిలేటర్‌కు కలిపిన అరగంటలో ఆక్సిజన్‌ను 40 శాతానికి దింపి, వేలి రీడింగు 94 నుంచి 98 మధ్య నిలబెట్టాం. శ్వాసల సంఖ్య తగ్గించాం. తర్వాతి పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ 38కి వచ్చింది. దీనికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. చేత్తో తిప్పాల్సిన రెండు మీటలు, గమనించే మనిషి ఉంటే చాలు.

8.25కి గుండె ధమనుల్లో అడ్డంకులు చూసి తెరిచే క్యాత్ ల్యాబ్‌కు తీసుకెళ్లారు. గుండె ముందువైపు వెళ్లే ప్రధాన ధమని మొదట్లోనే పూర్తిగా మూసుకుపోయింది. మా కార్డియాలజిస్టు ఒక స్టెంట్ వేశారు. స్పృహ లేని రోగికి స్టెంట్ ఎందుకని బంధువుల్లో ఒకరు అడిగారు. స్పృహ వస్తుందో రాదో ఆ గంటలో ఎవరికీ తెలియదు. ధమని మూసుకుని ఉంటే గుండె మళ్లీ ఆగుతుందని మాత్రం తెలుసు. ఇలాంటి ఈసీజీ ఉన్నప్పుడు స్పృహ కోసం ఎదురుచూడకూడదు.

తలకు సీటీ తీశాం. రక్తస్రావం లేదు, వాపు లేదు.

తిరిగి కొట్టుకున్న గుండె, తేరుకోని ఒళ్లు

గుండె కొట్టుకుంటే గండం గడిచినట్టేనని చాలామంది అనుకుంటారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. సోవియట్ వైద్యుడు వ్లాదిమిర్ నెగోవ్‌స్కీ 1970లలోనే ఈ దశను ఒక ప్రత్యేకమైన జబ్బుగా చూడాలని చెప్పాడు. బతికించిన తర్వాత వచ్చే జబ్బు అది. మెదడు దెబ్బతింటుంది. గుండె కండరం మొద్దుబారుతుంది. ఒళ్లంతా రక్తం ఆగి ఒక్కసారిగా తిరిగి పారినందువల్ల తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకినట్టే రక్తనాళాలు సడలిపోతాయి. అసలు గుండె ఆగడానికి కారణమైన జబ్బు ఎలాగూ ఉండనే ఉంటుంది. ఈ నాలుగూ ఒకేసారి వస్తాయి, ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి అడ్డం పడుతుంది. గుండె బలహీనంగా ఉందని సెలైన్ ఆపితే కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ కోసం సెలైన్ పోస్తే ఊపిరితిత్తులు నిండుతాయి.

మొదటి రోజు ఎకోలో గుండె పంపింగ్ 30 శాతం. అందులో కొంత గుండెపోటు వల్ల, కొంత మొద్దుబారడం వల్ల. మొద్దుబారిన భాగం రెండు మూడు రోజుల్లో తేరుకుంటుందన్న ఆశతో నార్‌ఎడ్రినలిన్ మీద సగటు రక్తపోటును 70 దగ్గర నిలబెట్టాం. పొటాషియం 4 దాటించాం, మెగ్నీషియం ఇచ్చాం. ఇన్సులిన్‌తో షుగరును 140–180 మధ్య ఉంచాం. అంతకంటే గట్టిగా అదుపు చేయబోతే షుగరు పడిపోతుంది, అది మెదడుకు ఇంకా చేటు. రక్తంలో ఆమ్లం తగ్గడానికి బైకార్బొనేట్ ఇవ్వమని డ్యూటీ డాక్టరు అడిగారు. వద్దన్నాను. కణాలకు రక్తం చాలనప్పుడు పేరుకునేదే లాక్టేట్, రక్తప్రసరణ సరిగ్గా ఉంటే అది దానంతటదే కరుగుతుంది. 12 గంటలకు 3.1కి వచ్చింది.

జ్వరం

మెదడును చల్లబరచడం గురించి నా వైద్య జీవితంలోనే మూడు రకాల సలహాలు చూశాను. 2002లో యూరప్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రెండు పరిశోధనలు శరీరాన్ని 33 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే మెదడు బాగా కోలుకుంటోందని చెప్పాయి. మేమూ ఐస్ గడ్డల మధ్య రోగులను పడుకోబెట్టాం. 2013లో 33కూ 36కూ తేడా లేదని తేలింది. 2021లో సుమారు 1,900 మందితో చేసిన మరో పెద్ద పరిశోధనలో 33 డిగ్రీలకు చల్లబరచడానికీ, జ్వరం రాకుండా చూసుకోవడానికీ ఫలితాల్లో తేడా కనిపించలేదు. ఇప్పుడు మా ఐసీయూలో పాటించేది ఒక్కటే: కనీసం 72 గంటలు ఒంటి వేడిని 37.7 దాటనివ్వకూడదు.

వినడానికి ఇది చిన్న పనిలా ఉంటుంది. మే నెలలో, చల్లబరిచే యంత్రం లేని ఐసీయూలో చిన్న పని కాదు. ఇరవయ్యో గంటకు ఈయన వేడి 38.4కు చేరింది. పారాసిటమాల్ సెలైన్‌లో ఇచ్చాం, దుప్పటి తీసేశాం, చంకల్లో, గజ్జల్లో గుడ్డ చుట్టిన ఐస్ సంచులు పెట్టాం, తడిబట్టతో తుడిచి ఫ్యాన్ పెట్టాం. మూత్రాశయంలో ఉన్న ప్రోబు ద్వారా లోపలి వేడిని నిరంతరం చూశాం. చంకలో థర్మామీటర్ పెట్టి, అక్కడే ఐస్ సంచి పెడితే అంకె తప్పు చెబుతుంది. ఒళ్లు వణకడం మొదలైతే వేడి మళ్లీ పెరుగుతుంది, అందుకు మత్తు మోతాదు పెంచాల్సి వచ్చింది. రాత్రంతా ఇద్దరు సిస్టర్లు గంటగంటకూ సంచులు మార్చారు. ఆ మూడు రోజుల చార్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది. 37.7 దాటిన గడులు అందులో మూడే ఉన్నాయి.

మత్తు మోతాదు పెంచామన్నాను. అక్కడే నేను ఒక పొరపాటు చేశాను. ప్రొపొఫాల్ ఇస్తే రక్తపోటు పడిపోతోందని మిడజొలాం, ఫెంటానిల్ నడిపాను. మొదటి రోజుకు అది తప్పు కాదు. రెండో రోజుకు రక్తపోటు కుదుటపడింది, అప్పుడు మార్చాల్సింది. మార్చలేదు. అదే సమయంలో కిడ్నీలు మందగిస్తున్నాయి. మూడో రోజుకు క్రియాటినిన్ 4.2. మిడజొలాం శరీరంలో విడిపోయి తయారయ్యే పదార్థానికి కూడా మత్తు కలిగించే గుణం ఉంది. అది బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారా. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్‌ఫ్యూజన్ ఆపినా మత్తు ఆగదు.

ముప్పయ్యో గంట

మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న సిస్టర్ పిలిచి, “సార్, పెదవి అదురుతోంది, భుజం కూడా” అన్నారు. వెళ్లి చూస్తే ముఖంలో, భుజాల్లో ఉండుండి కుదుపులు. కాసేపు ఆగడం, మళ్లీ రావడం. గుండె ఆగిన రోగిలో కుదుపులు కనిపిస్తే ఇక ఆశ లేదని చెప్పే అలవాటు ఒకటి మన ఆసుపత్రుల్లో ఉంది. ఒళ్లంతా, ఆగకుండా, అరగంటకు పైగా సాగే కుదుపులు నిజంగానే చెడ్డ గుర్తు. అవి కూడా ఒక్కటే చూసి తీర్పు చెప్పదగ్గవి కావు. అన్ని కుదుపులూ ఆ కోవలోకి రావు. న్యూరాలజిస్టును పిలిపించి, మెదడు తరంగాలను కాగితం మీద గీసే ఈఈజీ తీయించాం. ఫిట్స్ తరంగాలు అక్కడక్కడా ఉన్నాయి. కానీ వెనుక నడిచే మెదడు తరంగం తెగిపోకుండా సాగుతోంది. చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొడితే మారుతోంది. ఆయన కాగితం మీద వేలు పెట్టి, “ఇది స్పందిస్తోంది, చూడండి” అన్నారు. ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్‌ను కిడ్నీకి తగ్గ మోతాదులో మొదలుపెట్టాం. మర్నాటికి కుదుపులు తగ్గాయి.

నేను ఇచ్చిన గడువు

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇక్కడుంది.

మొదటి రోజు సాయంత్రం కుటుంబంతో మాట్లాడుతూ, “72 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం” అన్నాను. ఇది అందరం అనే మాటే. నా ఉద్దేశం అంతకుముందు చెప్పకూడదని. వాళ్లకు వినిపించింది 72 గంటలకు చెప్పేస్తారని. నాలుగో రోజు ఉదయం ఆరున్నరకు ఐసీయూ తలుపు దగ్గర పదకొండు మంది నిలబడి ఉన్నారు. గుండె మళ్లీ కొట్టుకున్న సమయం 6.45 అని వాళ్లకు తెలుసు. లెక్కపెట్టుకుని వచ్చారు.

లోపల పరీక్ష చేశాను. కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయి. కంటి మీద దూది తగిలిస్తే రెప్ప కదులుతోంది. నొప్పి కలిగిస్తే చేతులు నిటారుగా బిగుసుకుని లోపలికి తిరుగుతున్నాయి. కళ్లు తెరవలేదు. కదలిక స్కోరు ఆరింటికి రెండు. చూడటానికి చాలా చెడ్డ పరిస్థితి.

2021లో యూరప్ వైద్య సంఘాలు ఇచ్చిన సూచనల ప్రకారం, కదలిక స్కోరు మూడు లేదా అంతకంటే తక్కువ ఉన్న రోగిలో, 72 గంటలు దాటాక, మత్తు ప్రభావం లేదని తేల్చుకున్న తర్వాత, కింద చెప్పేవాటిలో కనీసం రెండు ఉంటేనే కోలుకునే అవకాశం చాలా తక్కువని అనాలి. కంటిపాప, కంటి పొర స్పందనలు రెండూ లేకపోవడం. చేతి నరాన్ని ప్రేరేపిస్తే మెదడు రెండు వైపులా తరంగం రాకపోవడం. 24 గంటల తర్వాత తీసిన ఈఈజీ అతి చెడ్డగా ఉండటం. మెదడు కణాలు దెబ్బతింటే పెరిగే ఎన్‌ఎస్‌ఈ అనే రక్త పరీక్ష 48 లేదా 72 గంటలకు 60 దాటడం. ఆగని కుదుపులు. సీటీలోనో ఎమ్మారైలోనో మెదడంతా విస్తరించిన దెబ్బ. నరాన్ని ప్రేరేపించే పరీక్ష మా ఊళ్లో లేదు. ఎన్‌ఎస్‌ఈ హైదరాబాద్‌కు పంపించాం. 48 గంటల నమూనా 28, తర్వాత వచ్చిన 72 గంటల నమూనా 24. మిగిలినవాటిలో ఒక్కటి కూడా ఈయనకు లేదు. మిడజొలాం ఆపి అప్పటికి పన్నెండు గంటలే అయింది, కిడ్నీలు పనిచేయడం లేదు. అంటే నేను చూస్తున్నది ఆయన మెదడునా, నేను పోసిన మందునా అని చెప్పలేని స్థితి. అలాంటప్పుడు ఆ సూచనలు చెప్పేదీ అదే: ఆగి, మళ్లీ పరీక్షించండి.

ఇది బయటికి వచ్చి చెప్పడం నా జీవితంలో కష్టమైన సంభాషణల్లో ఒకటి. ఆయన అన్నగారు, “మాకు తెలిసిన డాక్టరు ఫోన్లో రిపోర్టులు చూసి బ్రెయిన్ డెడ్ అన్నారండీ. డబ్బు గురించి కాదు. తమ్ముణ్ణి హింస పెడుతున్నామేమో అనిపిస్తోంది. ఇంటికి తీసుకెళ్లిపోతాం” అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, నేను తప్పుపట్టను. కానీ కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. బ్రెయిన్ డెత్ అంటే మెదడు కాండం పూర్తిగా పనిచేయకపోవడం. కంటిపాప కదలదు, దగ్గు రాదు, వెంటిలేటర్ తీస్తే ఊపిరి ప్రయత్నమే ఉండదు. మన దేశంలో అవయవ దానానికి 1994 చట్టం ప్రకారం దాన్ని నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. ఫోన్లో చెప్పే విషయం కాదు. ఈయన ట్యూబులో కఫం తీస్తుంటే దగ్గుతున్నాడు. దాన్ని వాళ్లకు చూపించాను. అన్నగారిని లోపలికి తీసుకెళ్లి, సిస్టర్ కఫం తీస్తున్నప్పుడు తమ్ముడి ఛాతీ ఎలా ఎగిసిందో చూడమన్నాను.

కోలుకునే అవకాశం నిజంగా లేనప్పుడు యంత్రాలు తొలగించడానికి మన దేశంలో దారి ఉంది. 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు, 2023లో సులభతరం చేసిన విధానం ప్రకారం రెండు మెడికల్ బోర్డులు చూసి నిర్ణయిస్తాయి. ఆ దారి ఉండటం మంచిదే. నా భయం వేరు. తొందరపడి ఆశ లేదని చెబితే వైద్యం ఆగుతుంది, వైద్యం ఆగితే రోగి చనిపోతాడు, చనిపోయాడు కాబట్టి మనం చెప్పింది నిజమేనని నమ్ముతాం. అలా మన తప్పు మనకు ఎప్పటికీ తెలియదు.

అన్నగారితో, “ఇంకో గడువు పెట్టను. రోజూ ఉదయం పది గంటలకు ఏం మారిందో చెబుతాను. మారకపోతే మారలేదని చెబుతాను” అన్నాను. భార్య అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. “బావగారూ, ఉండనివ్వండి” అంది.

నాలుగో రోజు, ఆరో రోజు డయాలసిస్ చేశాం. మధ్యలో కఫంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగి న్యుమోనియా వచ్చింది, యాంటీబయాటిక్ మార్చాం. ఇలాంటి రోగులకు న్యుమోనియా సాధారణమే. ఐదో రోజు ఎకోలో పంపింగ్ 42 శాతానికి వచ్చింది, నార్‌ఎడ్రినలిన్ ఆపేశాం. ఆరో రోజు నొప్పి కలిగిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఏడో రోజు ఉదయం కూతుర్ని లోపలికి పంపాం. తొమ్మిదో తరగతి అమ్మాయి. మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, “నాన్నా, పిండి రుబ్బేశాం” అంది. ఆయన కళ్లు తెరిచాడు. చూపు అమ్మాయి వైపు తిరిగింది. అమ్మాయి మంచం అవతలి వైపుకు నడిస్తే చూపు కూడా నడిచింది. ఆ ఉదయం రౌండ్స్‌లో ఎవరం మామూలుగా మాట్లాడలేకపోయాం.

ఎనిమిదో రోజు చెయ్యి నొక్కమంటే నొక్కాడు. తొమ్మిదో రోజు ట్యూబు తీశాం.

ఇంటికి వెళ్లాక

కళ్లు తెరవడంతో కథ ముగిసిందని రాస్తే అబద్ధం అవుతుంది. ట్యూబు తీశాక మొదటి వారం పగలూ రాత్రీ తేడా తెలియలేదు. ఉదయం వచ్చిన చుట్టాన్ని మధ్యాహ్నానికి మరిచిపోయేవాడు. ఛాతీ నొప్పి అంటూ భయపడితే మళ్లీ గుండెపోటేమోనని పరుగెత్తాం. అవి సీపీఆర్‌లో విరిగిన పక్కటెముకలు. సరిగ్గా నొక్కినా పక్కటెముకలు విరగడం మామూలే. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 19 వచ్చాయి.

గుండె మళ్లీ వణికితే దానంతటదే షాకు ఇచ్చే డీఫిబ్రిలేటర్ యంత్రం ఒంట్లో పెట్టాలా అని కుటుంబం అడిగింది. పెద్ద గుండెపోటు వచ్చిన మొదటి గంటల్లో ఫిబ్రిలేషన్ వచ్చి, ఆ ధమనిని తెరవగలిగితే వెంటనే యంత్రం పెట్టాల్సిన అవసరం ఉండదు. మూడు నెలల తర్వాత పంపింగ్ చూసి నిర్ణయిస్తారు. ఈయనకు అప్పుడు 50 శాతం వచ్చింది. యంత్రం అవసరం పడలేదు. 19వ రోజు ఇంటికి పంపించాం. రెండు రక్తాన్ని పలచన చేసే మందులు, బీటా బ్లాకర్, కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు మందు రాశాం. ఇవి కాక జ్ఞాపకం, నిద్ర, కోపం గురించి అడగడానికే ప్రత్యేకంగా ఒక తేదీ కూడా రాసిచ్చాం. మన దగ్గర డిశ్చార్జి చీటీల్లో ఇది ఉండదు. గుండె ఆగి బతికినవాళ్లలో చాలామందికి మతిమరుపు, అలసట, దిగులు వస్తాయి. ఎవరూ అడగకపోతే వాళ్లే చెప్పరు.

మూడు నెలలకు వచ్చినప్పుడు జ్ఞాపకం స్కోరు 25. హోటల్ మళ్లీ తెరిచాడు. సాంబారులో ఉప్పు వేశానో లేదో గుర్తుండటం లేదని, ఆ ఒక్క పనీ భార్యకు అప్పగించానని చెప్పాడు. ఆ రోజుల గురించి ఆయనకు ఏమీ తెలియదు. పొయ్యి వెలిగించడం గుర్తుంది, తర్వాత గుర్తున్నది జనరల్ వార్డు కిటికీ.

ఆయన ఎకోకి వెళ్లినప్పుడు భార్య కుర్చీలో ఒంటరిగా ఉంది. నిద్ర ఎలా ఉంటోందని ఆయన గురించి అడిగితే, బాగా పడుకుంటున్నారని చెప్పింది. మీకెలా ఉంటోందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. రాత్రి రెండుసార్లో మూడుసార్లో లేచి, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూస్తానని, తెల్లవారుజామున ఆరు దాటేదాకా మళ్లీ పడుకోలేనని చెప్పింది. మూడు నెలలుగా అంతే. కౌంటరుకు మనిషిని పంపించి, ఆమె పేరు మీద ఇంకో ఓపీ చీటీ రాయించాను.